జ్ఞాపకం తగ్గినవారి కోసం ఇంట్లో పాటలు సిద్ధం చేసుకోవడం

ఇంట్లో పాటలను సర్దుకోవడం ఆరోగ్య విషయం ఎలా అవుతుందని మీరు అడగవచ్చు. నా శ్రీమతికి ఆల్జీమర్స్ వ్యాధి నిర్ధారణ అయి నాలుగేళ్లు కావస్తోంది. పూటపూటకూ వేయవలసిన మాత్రలతో పాటు, వినిపించవలసిన పాటలను సిద్ధంగా ఉంచడం కూడా ఇప్పుడు నా దినచర్యలో భాగం. క్యాసెట్ల నుంచి, సీడీల నుంచి, పిల్లలు పెన్‌డ్రైవులలో తెచ్చి ఇచ్చినవాటి నుంచి ఏడాది కాలంలో సుమారు 600 పాటలను ఒకచోట చేర్చాను. మీలో కొందరి ఇళ్లలోనూ ఇటువంటి పెద్దలు ఉంటారు గనుక ఆ పని వివరాలు రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. సంగీతం ఈ వ్యాధిని నయం చేయదు. చేస్తుందని చెప్పేవారిని నమ్మవద్దు. అయితే కొత్త విషయాలను నిలుపుకునే శక్తి క్షీణించిన తరువాత కూడా, ఎన్నడో మనసుకు పట్టిన పాటలు చాలామందిలో చాలాకాలం నిలిచి ఉంటాయి. ముఖ్యంగా యౌవనంలో విన్నవి. కాబట్టి ఎంపికలో మన అభిరుచికి స్థానం లేదు. నాకు బాలమురళీకృష్ణగారి కచేరీలంటే ప్రాణం. ఆమెకు 1950, 60 దశకాల సినిమా పాటలు, విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనిలో విన్న కీర్తనలు ఇష్టం. ఈ సంగ్రహం ఆమె చెవుల కోసం. నా కచేరీలు మరో ఫోల్డరులోకి తప్పుకున్నాయి.

“ఫోనులో అడిగితే క్షణంలో పాట వస్తుంది కదా మామయ్యగారూ, ఇంత శ్రమ దేనికి?” అన్నాడు మా అల్లుడు. అదే చేసి చూశాము. ఒకనాటి సాయంత్రం రెండు పాటల నడుమ పెద్ద గొంతుతో ఏదో సబ్బు ప్రకటన వచ్చింది. ఇంట్లోకి ఎవరో వచ్చారని ఆమె తలుపుల వెనక వెతకసాగింది. ఊరుకోబెట్టడానికి అరగంట పట్టింది. ప్రకటనలు రాకుండా డబ్బు కట్టవచ్చు. కానీ తరువాతి పాటను యంత్రమే ఎంచడం, పాత పాట అడిగితే కొత్త వాయిద్యాలు చేర్చిన రూపం రావడం ఆగలేదు. ఆమె ఎదురుచూసే చోట ఆ వేణువే పలకాలి, ఆ గొంతే అందుకోవాలి. అందుకని పాటలు మన సొంత డిస్కులో, మనం ఎంచిన వరుసలో ఉండడమే మేలని నిశ్చయించుకున్నాను.

క్యాసెట్ల విషయంలో వైద్యునిగా ఒక హెచ్చరిక. మావి కోనసీమలో ఉద్యోగం చేసిన నాటివి. ఆ చెమ్మకు కొన్నింటి టేపు అంచున తెల్లని బూజు పట్టింది. అటువంటివి మూసిన గదిలో తెరవకండి, మాస్కు పెట్టుకోండి; ఉబ్బసం ఉన్నవారు ఆ పని మరొకరికి అప్పగించండి. టేప్‌రికార్డరు హెడ్డును నీటిశాతం బాగా తక్కువగా ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. సూదిమందుకు ముందు రాసే స్పిరిట్టులో నీరూ, కొన్నింటిలో నూనెలూ ఉంటాయి కనుక అది పనికిరాదు. ఏళ్ల తరబడి కదలని టేపును ఒకసారి చివరి దాకా తిప్పి, వెనక్కు చుట్టి, ఆ తరువాతే పాడించండి.

టేప్‌రికార్డరు నుంచి కంప్యూటరుకు ఒక తీగ కలిపి, ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరుతో రికార్డు చేశాను. 90 నిమిషాల క్యాసెట్టుకు 90 నిమిషాలూ పడతాయి, అడ్డదారి లేదు. మొదటి ప్రతిని ఏ శుద్ధీ చేయకుండా ఫ్లాక్ రూపంలో దాచాను. దానిలో ధ్వని ఏమాత్రం నష్టపోదు. వినడానికి వాడే ప్రతిని మాత్రం ఎంపీత్రీగా మార్చాను. ఫ్లాక్‌లో 12 గిగాబైట్ల వరకు పట్టిన పాటలు ఎంపీత్రీలో 3 గిగాబైట్లలో ఇమిడాయి. ఈ వయసు చెవులకు ఆ రెండింటి తేడా తెలియదు. నాకూ తెలియలేదు.

ఇక పేర్లు. పిల్లలు తెచ్చిన పాటలలో ఒకే పాట మూడు పేర్లతో ఉంది. త్యాగరాజస్వామి పేరును రోమన్ లిపిలో రాసేటప్పుడు టి పక్కన హెచ్ చేర్చేవారు కొందరు, చేర్చనివారు కొందరు. కంప్యూటరుకు వారు ఇద్దరు వ్యక్తులు. నేను పాట లోపలి వివరాలన్నీ తెలుగు లిపిలోనే నింపాను. ‘మల్లీశ్వరి’ పాటలైతే గాయకుల గడిలో భానుమతి, ఘంటసాల. స్వరకర్త గడిలో సాలూరి రాజేశ్వరరావు. వ్యాఖ్య గడిలో దేవులపల్లి కృష్ణశాస్త్రి. చౌక ప్లేయర్లు తెలుగు అక్షరాలకు బదులు డబ్బాలు చూపుతాయి గనుక ఫైలు పేరు మాత్రం రోమన్‌లో ఉంచి, ముందు 001, 002 అని అంకె వేశాను. ఆ సున్నాలు లేకపోతే కొన్ని ప్లేయర్లు 2వ పాటకంటే ముందు 10వ పాటను పాడతాయి.

ఈ పని మొత్తంలో ఆరోగ్యానికి దగ్గరి సంబంధం ఉన్నది శబ్దస్థాయి. వయసు పైబడిన చెవిలో ఒక విచిత్రం ఉంది. మెల్లని శబ్దం వినపడదు. కాస్త పెంచితే భరించరానిదవుతుంది. రెంటి నడుమ వ్యవధి కుంచించుకుపోతుంది. పాత రికార్డు మెల్లగా పాడి, దాని వెనకనే కొత్త సీడీ పాట హోరెత్తితే మనకు విసుగు మాత్రమే. వారికి అది బాధ. రీప్లేగెయిన్ అనే పద్ధతి ప్రతి పాట బిగ్గరతనాన్ని కొలిచి, ఎంత తగ్గించాలో ఎంత పెంచాలో పాటలోనే గుర్తు రాసి పెడుతుంది. మీ ప్లేయరు ఆ గుర్తును లెక్కచేయకపోతే వినే ప్రతులనే సమం చేయండి, మూలప్రతి జోలికి వెళ్లకండి. ఒక చెవి బాగా తగ్గినవారికి స్టీరియో పాటలను మోనోగా కలపడం మంచిది; లేకుంటే ఒక పక్కనే పలికే వాయిద్యం వారికి అందదు. చెవుడని శబ్దం విపరీతంగా పెంచకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించిన హద్దు 80 డెసిబెల్స్ వద్ద వారానికి 40 గంటలు. 90 డెసిబెల్స్ వద్ద అది 4 గంటలకు పడిపోతుంది.

ఫోల్డర్లను సినిమాల వారీగా కాక, పూటల వారీగా అమర్చాను. ఉదయం కీర్తనలు. భోజనవేళ ఏమీ పెట్టము. మింగడం మీద ఆమెకు ధ్యాస నిలవాలి. పొద్దు వాలే వేళకు అలజడి పెరగడం ఈ వ్యాధిలో తరచు చూసేదే. అందుచేత నాలుగున్నరకే, అలజడి మొదలుకాక మునుపే, నిదానమైన పాటలు అరగంట. తరువాత నిశ్శబ్దం. రోజంతా మోగే పాట ఆమెకు రొదే.

ఒక పాటకు ఆమె ప్రతిసారీ ఏడ్చేది. అది చనిపోయిన తమ్ముడికి ఇష్టమైన పాట. తీసేద్దాం నాన్నా అంది మా అమ్మాయి. నేను తీయలేదు, ‘ఆపి ఉంచినవి’ అనే ఫోల్డరులో పెట్టాను. మీ ఇంట్లోనూ అటువంటి ఫోల్డరు ఒకటి ఉండాలి.

పేరు రాయని ఒక క్యాసెట్టులో శ్రావణమాసం పేరంటంలో నా శ్రీమతి పాడిన మంగళహారతి దొరికింది. వినిపిస్తే ఆసాంతం కదలకుండా విని, “ఎవరండీ ఆ పిల్ల? గొంతు బాగుంది” అంది. నువ్వేనన్నాను. నమ్మలేదు. కానీ మరునాడు చరణం రాకముందే దానిని అందుకుని పాడింది. గాయకుల గడిలో ఆమె పేరు రాశాను. సంవత్సరం గడి ఖాళీగా ఉంది, అడగవలసినది ఆమెనే.

ప్రతులు మూడు ఉంచండి. పెన్‌డ్రైవును సొరుగులో పడేసి ఏళ్ల తరబడి నమ్మవద్దు. మా మూడవ ప్రతి హైదరాబాదులో అమ్మాయి ఇంట ఉంది. సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ డిస్కు వెంట తెచ్చుకుని, కొత్తగా చేరిన పాటలు ఎక్కించుకుని వెళుతుంది. ఏ బొత్తాం, ఏ ఫోల్డరు, ఏ గంటకు అన్నది పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి ప్లేయరు పక్క గోడకు అతికించాను. నాకు డెబ్బై ఆరేళ్లు. ఆమెను చూసుకోవడానికి వచ్చే అమ్మాయి ఇప్పుడు నన్ను అడగకుండానే, ఆ కాగితం చూసి, నాలుగున్నరకు పాటలు పెడుతోంది.