విమానం దిగి పత్తికొండకు: కారుతో పాటు డ్రైవర్ నిద్ర కూడా బుక్ చేయండి

ఎయిర్‌పోర్ట్ నుంచి కారు బుక్ చేయడం గురించి ఆన్‌లైన్‌లో దొరికే సలహాలన్నీ సిటీలో ఇల్లున్నవాళ్ల కోసమే. యాప్ తెరువు, పికప్ పాయింట్ చూడు, ఓటీపీ చెప్పు, గంటలో ఇంట్లో ఉంటావు. మన ఊరు పత్తికొండ అయితే కథ వేరు. ఇక్కడ రన్‌వే లేదు సరే, ఊళ్లో రైల్వే స్టేషన్ కూడా లేదు. దుబాయ్ నుంచి వచ్చినా, డల్లాస్ నుంచి వచ్చినా, చివరి మజిలీ కారులోనే. ఆ మజిలీ చిన్నదేం కాదు.

మ్యాప్ తెరిచి చూడండి. పైన శంషాబాద్, కింద దేవనహళ్లి. రెండు పెద్ద ఎయిర్‌పోర్టులూ ఎన్‌హెచ్ 44 పక్కనే ఉన్నాయి. పత్తికొండ దాదాపు రెండింటికీ మధ్యలో ఉంటుంది. ఏ వైపు నుంచి వచ్చినా సుమారు 270 కిలోమీటర్లు. అంటే టికెట్ బుక్ చేసేటప్పుడు ‘హైదరాబాదా, బెంగళూరా’ అన్న ప్రశ్నకు దూరం జవాబు చెప్పదు. జవాబు చెప్పేది విమానం దిగే టైము. ఎందుకో కిందికి వెళ్తే తెలుస్తుంది.

మన జిల్లాలోనే ఎయిర్‌పోర్ట్ ఉంది కదా?

ఉంది. ఓర్వకల్లు దగ్గర ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం. 2021 మార్చి 25న ప్రారంభించారు, మూడు రోజుల తర్వాత మార్చి 28న ప్యాసింజర్ విమానాలు మొదలయ్యాయి. ఉడాన్ పథకం కింద మొదట బెంగళూరు, చెన్నై, విశాఖలకు తిరిగాయి. అక్కడి నుంచి కర్నూలు 20 కిలోమీటర్ల లోపే. కర్నూలు మీదుగా పత్తికొండకు మొత్తం వంద కిలోమీటర్లకు అటూ ఇటూ. కారు ఖర్చు సగానికి పైగా తగ్గుతుంది, డ్రైవర్‌కూ రెండు గంటల పనే.

చిక్కల్లా సర్వీసులతోనే. ఇక్కడికి తిరిగేవి చిన్న విమానాలు, రోజుకు ఎన్నో ఉండవు. షెడ్యూల్ మారుతుంటుంది. అమెరికా విమానం బెంగళూరులో దిగిన టైముకూ, కర్నూలు విమానం బయల్దేరే టైముకూ పొత్తు కుదిరితే మీ అదృష్టం. చిన్న విమానంలో లగేజీ పరిమితి కూడా తక్కువ. 23 కిలోల పెట్టెలు రెండేసి తెచ్చుకునేవాళ్లు అదనంగా ఎంత కట్టాలో ముందే చూసుకోవాలి.

ఇంకో దారి రైలు. 2023 సెప్టెంబర్ 24న మొదలైన కాచిగూడ–యశ్వంతపూర్ వందే భారత్ కర్నూలు సిటీలోనూ, అనంతపురంలోనూ ఆగుతుంది. బ్యాక్‌ప్యాక్‌తో ఒక్కరే వస్తుంటే దాంట్లో కర్నూలులో దిగి, అక్కడి నుంచి బస్సో కారో పట్టుకోవచ్చు. చంటిబిడ్డ, ఆరు పెట్టెలు, నిద్ర లేని కళ్లతో వచ్చే కుటుంబానికి అది కుదిరే పని కాదు. వాళ్లకు కారే గతి.

అప్ అండ్ డౌన్ లెక్క

యాప్‌లో ‘వన్ వే’ అని కొడితే పత్తికొండకు ఒక్కోసారి బండే చూపించదు. చూపించినా రేటు చూసి గుండె జారుతుంది. కారణం సింపుల్. బెంగళూరు క్యాబ్ డ్రైవర్‌కు పత్తికొండ నుంచి తిరుగు బేరం దొరకదు. ఖాళీగా పోవాలి. ఆ ఖాళీ కిలోమీటర్లు ఎవరో ఒకరు కట్టాలిగా. అనంతపురం, కర్నూలు అయితే తిరుగు బేరం మీద ఆశ ఉంటుంది కాబట్టి వన్ వే రేటు కాస్త అందుబాటులో ఉంటుంది.

అందుకే మనవాళ్లు ఊరి బండినే పిలుస్తారు. ఫోన్‌లో మొదటి ప్రశ్న, ‘అప్ అండ్ డౌన్ ఎంతన్నా?’ లెక్క ఎలా ఉంటుందో చూద్దాం. రేట్లు ఊరిని బట్టి, బండిని బట్టి మారతాయి కాబట్టి ఇవి ఉదాహరణకు అనుకున్న అంకెలే. కిలోమీటరుకు 13 రూపాయలు, డ్రైవర్ బత్తా రోజుకు 500 అనుకుందాం. రానూపోనూ 540 కిలోమీటర్లు. 7,020 రూపాయలు, బత్తాతో 7,520. టోల్, పార్కింగ్ వేరే. బెంగళూరు దారిలో బాగేపల్లి, మరూరు, కసేపల్లి టోల్‌గేట్లు తగులుతాయి, రెండు వైపులా.

బేరం అయిపోయింది అనుకుంటాం. అసలు అడగాల్సింది మాత్రం అడగలేదు.

డ్రైవర్ ఎప్పుడు పడుకుంటాడు?

గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి వచ్చే విమానాలు చాలావరకు అర్ధరాత్రికీ తెల్లవారుజాముకీ మధ్య దిగుతాయి. మీది రాత్రి 1:30కి దిగుతుందనుకోండి. ఇమిగ్రేషన్, లగేజీ అయ్యేసరికి 2:30. ఊరి నుంచి కారు సాయంత్రం 8 గంటలకు బయల్దేరి 1 గంటకు చేరుతుంది. మిమ్మల్ని ఎక్కించుకుని 7:30కి పత్తికొండలో దింపుతుంది. అందరికీ అలవాటైన ప్లాన్ ఇదే. ఇంట్లోవాళ్లకూ బాగుంటుంది, ‘పొద్దున టిఫిన్‌కి వచ్చేస్తారు’ అని.

ఇప్పుడు డ్రైవర్ వైపు నుంచి చూడండి. పది గంటలు స్టీరింగ్ మీద, అదీ రాత్రంతా. మధ్యలో గంటన్నర పార్కింగ్‌లో, మీ ఫోన్ కోసం ఎదురుచూస్తూ. పగలు ఆయన ఏం చేశారో మనకు తెలియదు. కర్నూలు ఆసుపత్రికి ఎవరినో తీసుకెళ్లి వచ్చి ఉండొచ్చు. పెళ్లి బేరానికి పోయి ఉండొచ్చు. ఒంట్లో నిద్ర గట్టిగా పట్టే వేళ రాత్రి 2 నుంచి 5 దాకా. సరిగ్గా ఆ వేళలోనే మీరు, మీ పిల్లలు ఆ కారులో ఉంటారు.

చట్టం ఏమంటుందో చాలామందికి తెలియదు. మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం 1961లో వచ్చింది. డ్రైవర్ పని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదని అందులో పెట్టారు. ఏకధాటిగా ఐదు గంటల తర్వాత కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని కూడా అందులో ఉండేది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 91వ సెక్షన్ కూడా ట్రాన్స్‌పోర్ట్ వాహనాల డ్రైవర్ల పని గంటలను ఈ చట్టానికే ముడిపెట్టింది. అంటే మనం ‘మామూలే కదా’ అనుకునే రాత్రి అప్ అండ్ డౌన్ ఆ 8 గంటల లెక్కను సులువుగా దాటిపోతుంది.

దారి కూడా మర్చిపోనిచ్చేది కాదు. 2021 ఫిబ్రవరి 14 తెల్లవారుజామున, ఇదే ఎన్‌హెచ్ 44 మీద, వెల్దుర్తి మండలం మాదార్పురం దగ్గర ఒక టెంపో డివైడర్ దాటి అవతలి వైపు లారీని ఢీకొంది. మదనపల్లె నుంచి అజ్మీర్ యాత్రకు బయల్దేరిన కుటుంబాలు. 14 మంది చనిపోయారు. బతికింది నలుగురు పిల్లలే. శంషాబాద్ నుంచి డోన్ మీదుగా పత్తికొండకు వచ్చేవాళ్లు ఆ చోటు దాటుకునే రావాలి. నాలుగు లేన్ల రోడ్డు, మంచి తారు, ఖాళీ. రాత్రి పూట జోల పాడేది కూడా ఆ నున్నటి రోడ్డే.

నిద్రకు ఎంత అవుతుంది?

చాలా బండ్లకు రోజుకు కనీసం 300 కిలోమీటర్లు అని లెక్క ఉంటుంది. రెండు రోజులంటే 600. మన ఉదాహరణ రేటులో 7,800, రెండు బత్తాలు కలిపితే 8,800. ఒక్క రోజు లెక్కకూ దీనికీ తేడా 1,280 రూపాయలు. నలుగురున్న కుటుంబానికి మనిషికి 320. ఎయిర్‌పోర్ట్‌లో తినే ఒక శాండ్‌విచ్, ఒక కాఫీ ఖర్చు.

ఇంకో సంగతి. కొందరు ఓనర్లు రోజు అంటే క్యాలెండర్ తేదీ అంటారు. సాయంత్రం 8కి బయల్దేరి పొద్దున 7:30కి వస్తే తేదీ మారింది కాబట్టి రెండు రోజుల లెక్కే వేస్తారు. అంటే నిద్రకు డబ్బు మీరు ఆల్రెడీ కట్టేస్తున్నారు, వాడుకోవడం లేదంతే. అందుకే బేరం ముందే ‘రోజు అంటే తేదీనా, 24 గంటలా?’ అని అడగండి.

మార్చాల్సింది ఒక్కటే, కారు బయల్దేరే టైము. సాయంత్రం 8కి బదులు మధ్యాహ్నం 1కి బయల్దేరితే ఆరింటికి దేవనహళ్లి చేరుతుంది. డ్రైవర్ తిని, ఏడున్నరకు పడుకుంటే ఒంటిగంటన్నర దాకా ఆరు గంటల నిద్ర. దేవనహళ్లి, శంషాబాద్ రెండు చోట్లా మామూలు లాడ్జీలు ఉన్నాయి. ఆ గది అద్దె మీరే ఇవ్వండి. లేకపోతే ఆయన సీటు వెనక్కి వాల్చి, అద్దాలు కాస్త దించి, దోమల మధ్య పడుకుంటాడు. దాన్ని నిద్ర అనరు.

ఓనర్ వెంటనే ఒప్పుకోకపోవచ్చు. ఆయనకు పోయేది కిలోమీటర్లు కాదు, ఆ పగలు దొరికే ఇంకో బేరం. ఆ మాట మొహమాటం లేకుండా మాట్లాడుకుని, దానికి కొంత కలిపి ఇవ్వడమే న్యాయం. ‘నిద్రా? దానిదేముందప్పా, మాకలవాటే’ అని డ్రైవరే కొట్టిపారేయొచ్చు. అలవాటుతో నిద్ర ఆగదు.

మెసేజ్ ఇలా పెట్టండి: ‘అన్నా, మాది రాత్రి 1:30కి ల్యాండింగ్. నువ్వు మధ్యాహ్నమే బయల్దేరు. దేవనహళ్లిలో రూము తీసుకుని పడుకో, డబ్బు నేను పంపిస్తా. ఆ రోజు పొద్దున వేరే ట్రిప్ పెట్టుకోవద్దు.’

ఇంకా మంచి పని, మీరు కూడా తొందరపడకుండా ఉండటం. 2:30కి బయటికొచ్చినా ఎరైవల్స్‌లో కాఫీ తాగి, పిల్లల్ని కాసేపు పడుకోబెట్టి ఐదింటికి కదలండి. డ్రైవర్‌కు ఇంకో రెండు గంటలు కలిసొస్తాయి. బాగేపల్లి దాటేసరికి తెల్లారుతుంది. ఇంటికి 7:30కి కాదు, 10కి చేరతారు. పోయేది ఆ రెండున్నర గంటలే. టికెట్ కొనేటప్పుడే పగలు దిగే విమానం దొరికితే, ఏ ఎయిర్‌పోర్ట్ అయినా సరే దాన్నే పట్టుకోండి.

బండి గురించి నాలుగు మాటలు

పసుపు నంబర్ ప్లేటు ఉన్న బండినే మాట్లాడుకోండి. తెలిసినవాళ్ల వైట్ బోర్డు కారు చవగ్గా వస్తుంది, నిజమే. కానీ సొంత కారు ఇన్సూరెన్స్ అద్దెకు తిప్పడానికి వర్తించదు. జరగరానిది జరిగితే క్లెయిమ్ దగ్గర చిక్కులు. నంబర్ తెలిస్తే ఎంపరివాహన్ యాప్‌లో ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ గడువు రెండు నిమిషాల్లో చూడొచ్చు. రెండు ఎయిర్‌పోర్టులూ పక్క రాష్ట్రాల్లోనే కాబట్టి, ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ ఉందా అని ఓనర్‌ను అడగండి. లేకపోతే బోర్డర్ ట్యాక్స్ ఎవరు కడతారో ముందే తేల్చుకోవాలి.

లగేజీ లెక్క వేసుకోండి. నలుగురు, ఎనిమిది పెట్టెలు అంటే డిజైర్ మాట మర్చిపోండి. ఎర్టిగాలో వెనక సీటు మడిచినా కష్టమే. పైన క్యారియర్ ఉన్న ఇన్నోవా, తాడు, వానాకాలమైతే ఒక పట్ట.

ఇక మన ఆచారం ఒకటి. రిసీవ్ చేసుకోడానికి అమ్మ, నాన్న, చిన్నాయన, మేనత్త కొడుకు, అందరూ ఆ కారులోనే బయల్దేరతారు. ప్రేమే, కాదనను. వచ్చేటప్పుడు పెట్టెలు పట్టవు, మనుషులు పట్టరు, ఎవరికీ నిద్రుండదు. ఒక్కరు వస్తే చాలు. ఆ ఒక్కరూ ముందు సీట్లో కూర్చుని డ్రైవర్‌తో మాట్లాడుతూ రావాలి. ముందు సీట్లో గురక పెట్టేవాళ్లను వెనక్కి పంపండి.

తెల్లారాక ఆ దారి

పగటిపూట వస్తే దొరికే లాభం ఇంకోటుంది. గుత్తి దగ్గర హైవే దిగి పత్తికొండ రోడ్డెక్కితే, మిగిలింది నలభై కిలోమీటర్ల లోపు. వెనక గుత్తి కోట కొండ. కాస్త ముందుకొస్తే ఎర్రగుడి, అక్కడ బండల మీద అశోకుడి శాసనాలు. అందులో ఒకదాంట్లో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కారు. ఆ శిల్పిది కూడా అప్ అండ్ డౌనే. ఆ చుట్టుపక్కల జొన్నగిరి, తుగ్గలి చేలల్లో తొలకరి వానలు పడ్డాక జనం వంగి నడుస్తూ కనిపిస్తారు. వజ్రాల కోసం.

మద్రాసు గవర్నర్ థామస్ మన్రో తన చివరి పర్యటనలో గుత్తి నుంచి పత్తికొండకే వచ్చాడు. 1827 జూలై 6న కలరాతో ఇక్కడే చనిపోయాడు. గుత్తికి తీసుకెళ్లి పాతిపెట్టారు, తర్వాత మద్రాసుకు మార్చారు. ఆయన గుర్తుగా పత్తికొండలో తోపు వేసి బావి తవ్వించారు. అంత పెద్ద గవర్నర్‌కు ఆ రోజుల్లో ఈ దూరం రోజుల ప్రయాణం. మనకు ఐదు గంటలు. అందులో ఇంకో గంట మిగుల్చుకోవాలన్న ఆత్రం దేనికో!

పదింటికి ఊళ్లోకి వచ్చేసరికి టమోటా మార్కెట్ దగ్గర గంపలు, లారీలు అడ్డం పడతాయి. హారన్ కొట్టి లాభం లేదు. డ్రైవరన్న అద్దం దించి ‘జరుగప్పా’ అని అరుస్తాడు. ఆ గొంతులో నిద్రమత్తు లేదంటే బేరం సరిగ్గా కుదిరినట్టే. ఇంటి ముందు పెట్టెలు దించాక ఆయన్ను వెంటనే పంపేయకండి. లోపలికి పిలిచి, ఉగ్గాని పెట్టి, ‘కాసేపు పడుకుని పో అన్నా’ అనండి.