నయీమ్ సాబ్ మీద బహస్

పోయిన ఇత్వారం అసర్ నమాజ్ అయినంక పటాన్‌చెరు బస్టాండ్ కాడి హోటల్ల కూసున్నం. నేను, నా భాంజా, వాని కాలేజీ టీమ్ దోస్తులు ముగ్గురు, మా మొహల్లా చాచా. పోరగాండ్లు సంగారెడ్డిల మ్యాచ్ ఓడిపోయి వచ్చిన్రు. ఒక్కటే గోల్. అది నా భాంజా కాళ్ల సందులకెల్లే పోయిందంట. వాడు స్టాపర్ బ్యాక్. చాయ్ ముందల పెట్టుకొని తాగుతలేడు.

"డిఫెన్స్, డిఫెన్స్ అని మా సార్ సతాయిస్తడు. గోల్ కొట్టకుంటే ఎట్ల గెలుస్తం?" అన్నడు ఒక పోరడు.

చాచాకు కోపమొచ్చింది. "నయీమ్ సాబ్ పేరు విన్నవా?"

వినలే. రహీమ్ సాబ్ తెలుసు, అజయ్ దేవగణ్ 'మైదాన్' సినిమా చూసిన్రు. 1962 జకార్తా ఫైనల్ల తలకు దెబ్బ తాకిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీమ్ సాబ్ ముందల ఆడించిండు, ఆయన గోల్ కొట్టిండు, కొరియా మీద 2-1తో గోల్డ్ మెడల్ వచ్చింది. ఇదంతా గడగడ చెప్పిన్రు. సయ్యద్ నయీముద్దీన్ మీద ఎవ్వరూ సినిమా తియ్యలే కదా!

ఒకడు ఫోన్ల ఎతికిండు. "చాచా, 2006ల ఈయన కోచ్‌గ ఉంటే జపాన్ మన మీద ఆరు గోల్స్ కొట్టింది. ఢిల్లీల, మన సొంత మైదాన్ల, యెమెన్ మూడు కొట్టింది. మనం సున్నా. గీయన గురించేనా నువ్వు చెప్పేది?"

ఇగ బహస్ షురూ.

చాచా ఏళ్ల మీద లెక్క పెట్టిండు. నయీమ్ సాబ్ మన హైదరాబాద్ బిడ్డ. సిటీ పోలీస్ టీమ్ల ఆడి కలకత్తా పోయిండు. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌ల ఇండియా కెప్టెన్, బ్రాంజ్ మెడల్. ఆ ఏడే అర్జున. 1990ల ద్రోణాచార్య. అదే ఏడు ఆయన కోచింగ్‌ల ఈస్ట్ బెంగాల్ ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడు కప్పులూ ఎత్తుకొచ్చింది. తిండి కాడికెల్లి నిద్ర దాంక అన్నిట్ల సఖ్తీ. ఆ సఖ్తీ అంటే ఆటగాళ్లకు భయం, కొందరికి చిరాకు.

"గా సఖ్తీ యెమెన్ ముందల యాడికి పోయింది?" అన్నడు పోరడు.

నిజం చెప్పాలంటే ఆ మాటకు నాకాడ జవాబ్ లేదు. జపాన్ అప్పటికే వరల్డ్ కప్‌లు ఆడే టీమ్, దాని ముందల ఓడుడు తప్పు గాదు. యెమెన్ మీద, అది గూడ ఇంట్ల, మూడు తినుడు తప్పే. ఆ మ్యాచ్ అయినంక ఆయనను తీసేసిన్రు. గంతకు ముందటేడే కరాచీల సాఫ్ కప్ గెలిపించిండన్న సంగతి ఎవలకు యాది ఉంటది?

నా నౌకరీ రియాక్టర్ల కాడ. ఎనిమిది గంటల షిఫ్టుల ఏం గాకపోతే రిజిస్టర్ల ఒక్క లైన్ రాస్తం: 'నార్మల్'. పదేండ్లు గట్ల రాసిన. ఒక రాత్రి గాస్కెట్ లీకైంది, నేను ఐదు నిమిషాలు ఆలస్యంగ చూసిన. మనుషులకు ఏం గాలే, అల్లా దయ. తెల్లారి చేతికి మెమో. గా పదేండ్ల నార్మల్ ఎవరి లెక్కలకు రాలే. అందుకేనేమో, చాచా దిక్కే నా దిల్ మొగ్గింది. ఇది ఇన్సాఫా, తరఫ్‌దారీనా అంటే నాకే తెల్వదు.

నా భాంజా అప్పటిదాంక నోరు తెరవలే. పొద్దుగాల నుంచి బూట్ల సంచి టేబుల్ కిందికి కాలుతోని నూకుతనే ఉన్నడు, అమ్మేస్తనని ఇంట్ల చెప్పిండంట.

"మామూ, 1970ల బ్రాంజ్ మ్యాచ్ ఎవలతోని?"

"జపాన్‌తోని."

"ఎంత?"

"ఒకటి-సున్నా. మనదే."

"అంటే జపానోల్లు ఒక్కటి గూడ కొట్టలే."

"కొట్టలే."

"గా రోజు నయీమ్ సాబ్ డిఫెన్స్‌లనే ఉండెనా?"

"ఆయన ఆడేదే గక్కడ," అన్నడు చాచా.

వాడు సల్లారిన చాయ్ ఒక్క గుక్కల తాగిండు. టేబుల్ కిందికెల్లి సంచి గుంజి ఒళ్ల పెట్టుకున్నడు. చాయ్ పైసలు నేనిస్తనంటె నేనిస్తనని చాచా, నేను కొట్లాడుతుంటె, ఆ ఫోన్ పట్టుకున్న పోరడు మాత్రం ఇంకా అంటనే ఉన్నడు: "అయినా చాచా, యెమెన్..."