చెరసాలలో మాతృభాష

గత వేసవిలో ఒకనాటి సాయంకాలము మా అబ్బాయి తెలుగు వాచకమును మూసివైచి, "నాన్నగారూ, అంగడిలో ఒడియా, కచేరీలో ఒడియా, పెద్ద చదువులకు ఇంగ్లీషు. ఇంక ఈ తెలుగు నాకెందుకు?" అని యడిగెను. హుమ్మలోని తెలుగు తల్లిదండ్రులు ఏదో యొకనాడు వినవలసిన ప్రశ్నయే యిది. నాకు వెంటనే బదులు తోచలేదు.

కొన్నాళ్ళకు బరంపురములో ఒక మిత్రుని యింట "మట్టికాళ్ళ మహారాక్షసి" యను నవల నా చేతికి వచ్చినది. అది ఆఫ్రికాలోని కెన్యా దేశీయుడగు గూగీ వా థియాంగో రచన. దోపిడిలో తమలో నెవడు ఘనుడో తేల్చుకొనుటకు దొంగలు పెట్టుకొన్న పోటీ అందలి ముఖ్యఘట్టము.

గూగీ బాల్యమున, మాతృభాషయగు గికుయూ పలికి బడిలో పట్టుబడిన పిల్లలను బెత్తముతో కొట్టి, "నేను మూర్ఖుడను" వంటి మాటలున్న రేకును మెడలో వ్రేలాడదీసెడివారు. పెద్దవాడై ఆయన ఇంగ్లీషు నవలలతో ఖ్యాతి గాంచెను. 1977లో పల్లెప్రజలతో గికుయూ భాషలో నాటకమాడించగా, ప్రభుత్వము దానిని నిలిపివేసి, ఆ సంవత్సరాంతమున విచారణ లేకయే ఆయనను చెరలో పెట్టెను. జనుల భాషలో పలికిన మాటకు పాలకులు అంతగా జంకిరి.

చెరలో ఆయన నవలను గికుయూలోనే వ్రాయ నిశ్చయించెను. మరుగుదొడ్డిలో వాడుట కిచ్చిన ముతక కాగితముపై రహస్యముగా వ్రాసెను. 1978 డిసెంబరులో విడుదలయ్యెను. 1980లో నవల అచ్చుపడగా, చదువు రానివారికి ఇతరులు చదివి వినిపించిరి. తరువాత కవి వరవరరావుగారు తామును ఖైదీగా నుండి దానిని తెనిగించిరి. ఒక చెరలో పుట్టిన గ్రంథము మరియొక చెరలో తెలుగైనది.

ఈ వృత్తాంతమును మా అబ్బాయికి చెప్పితిని. మన మెడలో రేకు కట్టువారు లేరు. ఒడియా మన యిరుగుపొరుగుల తీయని భాష; దానిని శ్రద్ధతో నేర్వవలసినదే. 1936లో గంజాము మదరాసు రాజధానినుండి విడివడి ఒడిషాలో చేరినది మొదలు, ఇచట తెలుగు నిలిచినది ఇంటివారి నోటను, బడి నల్లబల్లమీదను. కాగితము, కలము, గురువు మనకున్నవి. అవి యుండియు తెలుగును పోగొట్టుకొన్నచో ఆ తప్పు మనదే.

వాడేమియు పలుకలేదు. మరునాడు నాయనమ్మ ప్రక్కన కూర్చుండి ఆ కథనే చెప్పుచుండెను. ఆమెకు తెలుగు తప్ప వేరు భాష రాదు.

చిరంజీవులారా, మీ యింటి పెద్దలకు ఈ యేడు ఒక్క తెలుగు పుస్తకమైనను చదివి వినిపింపుడు.