పొగమంచులో పరుగు

కొత్తగూడెం దాటేసరికి తెల్లవారుజాము ఐదైంది. ముక్కోటి రద్దీ తగ్గాక రాముణ్ని తీరిగ్గా చూద్దామని ఖమ్మంలో మూడింటికే బయల్దేరాం. పాల్వంచ దాటాక చెట్లు రోడ్డుకు దగ్గరగా వచ్చేస్తాయి. జనవరిలో వాటి మధ్య మంచు దిగిందంటే ముందు బండి ఎర్రలైటు తప్ప మరేమీ కనిపించదు.

ఉన్నట్టుండి మా డ్రైవర్ గట్టిగా బ్రేకు తొక్కాడు. వెనక సీట్లో కునుకు తీస్తున్న అమ్మ ముందుకు తూలింది. లైట్ల వెలుగులో నల్ల టీషర్టు కుర్రాడు, ఎడమ అంచున పరుగెడుతున్నాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. మేం ఆగిన సంగతి కూడా తెలీదు!

డ్రైవర్ దిగి కేకేస్తే ఆగాడు. వెనకే మరో ముగ్గురు. పోలీసు ఉద్యోగానికి ప్రాక్టీసట. తెలంగాణలో 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తిచెయ్యాలన్నారు. వీళ్లకు ఆ లెక్కే గురి.

‘గ్రౌండులో ఉరకొచ్చుగా తమ్ముడూ?’ అన్నాను.

‘మా ఊళ్లో గ్రౌండు ఏడుంది సార్? రోడ్డు పక్కనంతా కంకర. కాలు మడతపడితే ఇన్నాళ్ల కష్టం పోయినట్టే’.

నిజమే. కానీ ఇది 30వ నెంబరు జాతీయ రహదారి. ఛత్తీస్‌గఢ్ లారీలు, సింగరేణి బొగ్గు, సారపాక పేపరు మిల్లుకు వెళ్లే జామాయిల్ కర్ర... అన్నీ దీనిమీదే. శ్రీరామనవమికి కాలినడకన వచ్చే భక్తులకూ ఇదే దారి.

మా డ్రైవర్ పాతికేళ్లుగా ఈ రోడ్డు మీదే తిరుగుతున్నాడు. ‘ఎడమ పక్కన ఉరికితే నా బండి నీ వీపు వెనక ఉంటది. కుడి పక్కనైతే ఎదురొచ్చే బండి నీకు కనపడతది, పక్కకు దూకొచ్చు’ అన్నాడు. కుడిచేతి వైపు మూలమలుపు వస్తే మాత్రం అక్కడ ఇద్దరూ ఒకరికొకరు కనిపించరు. ముందుగానే చూసుకుని అవతలి అంచుకు మారాలట. ఇయర్‌ఫోన్ల గురించి అన్నమాట ఇక్కడ రాయలేను.

గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. డిమ్ లైటులో నల్లబట్టల మనిషి 30 మీటర్ల దగ్గరికొస్తేగానీ ఆనడు. డ్రైవర్ కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపే ఆ దూరం అయిపోతుంది. మేం బతికిపోయింది మంచువల్ల నలభైలో వెళ్తుండబట్టే.

నూరేళ్ల వయసులో, 2011లో టొరంటో మారథాన్ పూర్తిచేసిన ఫౌజా సింగ్ గుర్తొచ్చాడు. అంత దూరాలు పరుగెత్తిన ఆ పెద్దాయనకు 114 ఏళ్లంటారు. 2025 జులైలో జలంధర్ దగ్గర సొంతూరి రోడ్డు మీద వాహనం ఢీకొట్టి పోయాడు. ఈ కుర్రాళ్లకు ఇరవై నిండాయో లేదో!

అమ్మ సంచిలోంచి తెల్ల తువ్వాలు తీసి నల్ల టీషర్టు అబ్బాయికిచ్చింది. గోదావరి స్నానానికని తెచ్చుకున్నది. ‘వద్దమ్మా’ అంటూనే భుజాలకు చుట్టుకుని ముడేసుకున్నాడు. నలుగురూ రోడ్డు దాటి కుడి అంచుకు వెళ్లారు. కాసేపు ఆ తెల్లటి ముడి ఒక్కటే అద్దంలో కనిపించింది.

గోదావరి వంతెన ఎక్కేసరికి ఏడు దాటింది. స్నానం చేసి ఒళ్లు తుడుచుకునేందుకు అమ్మ గట్టు మీద ఇరవై నిమిషాలు బేరమాడి మరో తువ్వాలు కొంది.