చియాంగ్ మాయ్‌లో నీటి యుద్ధం

బాంకాకుకు ఉత్తరంగా, రోడ్డు మీద దాదాపు 700 కిలోమీటర్ల దూరంలో, చియాంగ్ మాయ్ అనే పాత రాజధాని వుంది. 1296లో మంగ్రాయ్ అనే రాజు కట్టించిన నగరం. పాత వూరు చతురస్రంగా వుంటుంది. చుట్టూ నాలుగు వైపులా అగడ్త. ఒక్కొక్క వైపు సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల పొడవు. శత్రువులను ఆపటానికి ఏర్పడిన ఆ అగడ్తే ఇప్పుడు ఏటా ఏప్రిల్ 13 నుంచి మూడు రోజులపాటు ఒక మహా యుద్ధానికి మందుగుండు అందిస్తున్నది. ఆ మందుగుండు మరేమీ కాదు, అందులోని నీళ్లే!

పండుగ పేరు సొంగ్‌క్రాన్. మన సంక్రాంతి అనే సంస్కృత పదమే అక్కడ అలా మారింది. మనకు మకర సంక్రాంతి ముఖ్యమైతే వారికి మేష సంక్రమణం ముఖ్యం. అదే వారి సంవత్సరాది. 2023లో యునెస్కో వారు ఈ పండుగను మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చారు.

2024లో మేము ముగ్గురం వెళ్లేసరికి ఎండ మాడ్చేస్తున్నది. అగడ్త గట్టున ఎక్కడ చూసినా నీటి తుపాకుల దుకాణాలే. ఎర్రవి, పచ్చవి, వీపుకు టాంకు తగిలించుకునేవి, చంటిపిల్లలు పట్టుకునేవి. మా అబ్బాయి సహజంగానే అన్నింటికన్నా పెద్దదాని మీద కన్ను వేశాడు. దుకాణం అవ్వ తల అడ్డంగా వూపి, వచ్చీరాని ఇంగ్లీషులో, "అది నీళ్లు మోయటానికి, బాబూ. ఇది కొట్టటానికి," అంటూ మధ్యరకం తుపాకి ఒకటి చేతికిచ్చింది. తానే నీళ్లు పోసింది. ముప్పాతిక కూడా నిండకుండానే మూత బిగించింది.

"నాన్నా, నిండా పొయ్యలేదు!" అన్నాడు మావాడు, మోసం జరిగినట్లు.

నిజానికి మోసం లేదు, శాస్త్రం వుంది. నీటిని ఎంత నొక్కినా కుదించుకుపోదు, గాలి కుదించుకుపోతుంది. పంపు కొట్టినప్పుడు మన చేతి బలమంతా ఆ గాలిలో దాగి వుంటుంది. మీట నొక్కగానే ఆ గాలి విచ్చుకుంటూ నీటిని బయటికి తోస్తుంది. లీటరు టాంకులో 100 మిల్లీలీటర్ల గాలికే చోటు వుంచారనుకోండి. 100 మిల్లీలీటర్ల నీళ్లు పోగానే గాలికి రెట్టింపు చోటు దొరుకుతుంది, వత్తిడి సగానికి పడిపోతుంది. మొదటి ధార మేడ ఎక్కుతుంది, రెండోది మన కాళ్ల మీదనే పడుతుంది! అదే 400 మిల్లీలీటర్ల గాలి వుంచితే, అన్ని నీళ్లే పోయినా వత్తిడి అయిదో వంతు మాత్రమే తగ్గుతుంది. పంపు నాలుగు పోట్లు ఎక్కువ కొట్టాలి, అంతే.

మన చిమ్మనగ్రోవికి ఈ చిక్కు లేదు. వసంతోత్సవాలలో వాడిన ఆ గొట్టంలో దాచుకునే బలం లేదు. చేయి ఎంత తోస్తే ధార అంత. గాలిలో బలాన్ని దాచే బొమ్మ తుపాకికి పేరు తెచ్చినవాడు లానీ జాన్సన్ అనే అమెరికను ఇంజనీరు. అంతరిక్ష పరిశోధనలలో పనిచేసినవాడు. 1982లో ఇంట్లో ఫ్రియాను బదులు నీటితో నడిచే చల్లదనపు యంత్రం కోసం ప్రయత్నిస్తూ వుంటే, స్నానాల గదిలో ధార ఒక్కసారిగా అవతలి గోడ దాకా చిమ్మిందట. 1990లో ఆ బొమ్మ బజారుకు వచ్చింది.

ఇక యుద్ధం సంగతి. థా ఫే ద్వారం దగ్గర వీపున పెద్ద టాంకు మోస్తున్న ఒక పరదేశి భీముడు కనబడిన వారినల్లా తడిపేస్తున్నాడు. మీట మీద నుంచి వేలు తీయడు. పక్కనే, పీపా చాటున ఇద్దరు ఆడపిల్లలు. పదేళ్లు వుంటాయేమో. వారు తొందరపడలేదు. భీముడి ధార సన్నబడి, చినుకులై, ఆగిపోయేదాకా కూర్చున్నారు. అతను మూత విప్పాడో లేదో, టాంకులో మిగిలిన గాలి బుస్సుమని పోయింది. పిల్లలు ఇద్దరూ లేచి, చెరి రెండు చిన్న చిమ్ములతో అతని ముఖం కడిగేశారు! వారు ఖర్చు పెట్టినది గ్లాసెడు నీళ్లకు మించదు. భీముడు కూడా పకపకా నవ్వాడు.

వారిని చూసి మావాడు యుద్ధనీతి గ్రహించాడు. దగ్గరికి వచ్చేదాకా కొట్టరాదు. మీట నొక్కి వెంటనే వదలాలి. నడుస్తూనే పంపు కొట్టుకోవాలి. తుపాకి తలకిందులు చేయరాదు. లోపలి గొట్టం కొస నీటి పైకి తేలితే నీళ్లకు బదులు గాలే పోతుంది. నీళ్లు నింపుకోవటం చాటున జరగాలి. కళ్ల మీద కొట్టరాదు. నడుస్తున్న మోటారు సైకిలు మీద అసలే కొట్టరాదు. ఏటా ఈ పండుగ రోజులలో రోడ్డు ప్రమాదాలలో ఎందరో చనిపోతారు. ప్రభుత్వం వారు వీటిని 'ఏడు ప్రమాద దినాలు' అని పిలుస్తారు.

ఇన్ని నీళ్లు ఎక్కడివని మా ఆవిడ మొదటినుంచీ గొణుగుతూనే వుంది. ఏప్రిల్ అక్కడా మండువేసవే. 2016లో ఆ దేశాన్ని తీవ్రమైన అనావృష్టి పట్టినప్పుడు, పండుగలో నీళ్లు పొదుపుగా వాడుకోవాలని ప్రభుత్వమే ప్రజలను కోరింది. పండుగ మాత్రం ఆగలేదు. ఆగదు కూడా, ఎందుకంటే అసలు పండుగకు కావలసిన నీళ్లు చాలా తక్కువ.

అది మాకు ఒక వీధి అరుగు మీద కనబడింది. ఒక ముసలాయన చేతులు చాచి కూర్చున్నాడు. ఇంటిల్లిపాదీ వరుసగా వచ్చి, మోకరిల్లి, చిన్న వెండి గిన్నెలోంచి ఆయన అరచేతుల్లో నీళ్లు వంచుతున్నారు. ఏడాదిలో చేసిన తప్పులకు క్షమాపణ కోరి, దీవెన అందుకుంటున్నారు. ఆ నీళ్లలో పూలరేకులతోపాటు ఏదో కాయ తేలుతున్నది. మా ఆవిడ వంగి చూసి, "ఇది మన శీకాయ కదూ!" అన్నది. శీకాయే! అక్కడ దాన్ని సొంపోయ్ అంటారు. ఆ నీళ్లు పాపాన్ని కడుగుతాయని నమ్మకం.

చివరగా వచ్చిన మనుమడు తడిసి ముద్దయి వున్నాడు. తుపాకి అరుగు కింద పెట్టి, గిన్నె అందుకుని, ఒక్క చుక్క కింద పడకుండా తాత చేతుల్లో వంచాడు. తాత ఆ తడి చేతులే వాడి నెత్తిన పెట్టాడు.