జపాను బడిలో మేము దిద్దుకొన్న తప్పు

"పరదేశమునకు బోయి ఆంగ్లము బోధించి వచ్చితిరి గదా, అచటి పిల్లలకేమి నేర్పితిరి?" యని మమ్ముల నడుగని బంధువు లేదు. నేర్పినదానికంటె నేర్చుకొన్నదే యెక్కువయని చెప్పినచో వినయమునకై యనుచున్నామని తలతురు. జరిగినది జరిగినట్లు వ్రాసినచో మా మాటలోని నిజము మీకే తేటపడునని యీ నాలుగు ముక్కలు వ్రాయుచున్నాము.

మేమిద్దరము స్నేహితురాండ్రము. ఒకరిది రాజమహేంద్రవరము, ఒకరిది గుంటూరు. విశాఖపట్టణమున నొక్కచోట చదివికొన్నవారము. 2023వ సంవత్సరము ఏప్రిలు మొదలు 2025 మార్చి వరకు జపాను దేశమున షిమానె మండలమందలి మత్సుఎ పట్టణములో చెరియొక ప్రాథమిక పాఠశాలయందు ఆంగ్లమునకు సహాయోపాధ్యాయినులుగా నుంటిమి. ఆ దేశమున బడి సంవత్సరము ఏప్రిలులో మొదలై మార్చితో ముగియును.

జపాను ప్రభుత్వము 1987లో 'జెట్' అను పేరుతో పరదేశీయులను ఆంగ్లబోధకు రప్పించు పద్ధతి నారంభించినది. తొలియేట నాలుగు దేశములనుండి 848 మంది వచ్చిరి. నేడు పురపాలకులు ఉద్యోగ సంస్థల మూలముగ గూడ మావంటివారిని నియమించుకొనుచున్నారు. మేమీ రెండవ దారిని వచ్చినవారము. ప్రాథమిక పాఠశాలలలో ఐదు, ఆరు తరగతులవారికి 2011లో ఆంగ్లపు ఆటపాటలు తప్పనిసరియైనవి. 2020లో నదియే మార్కులుగల పాఠ్యవిషయమై, ఆటపాటలు మూడవ తరగతికి దిగినవి. తరగతి భారమంతయు జపాను గురువుదే. ప్రక్కను నిలిచి పలికి చూపుటయు, పిల్లలచే పలికించుటయు మా పని.

ఉదయము బడికి బోవగనే వాకిటనే చెప్పులు విడిచి, అరలో నుంచిన లోపలి జోళ్ళు తొడుగుకొనవలెను. చెప్పులతో నింటిలోనికి రాగూడదను నియమము మనకు క్రొత్తది గాదు గనుక, ఆ గడపవద్ద మాకు పుట్టింటి గడప జ్ఞప్తికి వచ్చెడిది. పిదప గురువులందరు కూర్చుండు గదిలో వందనములు, నాటి పనుల ముచ్చట, 45 నిమిషముల చొప్పున పాఠములు. మత్సుఎలో వాన మెండు. అన్నపు డబ్బా మరచినను గొడుగు మరువవద్దని యచటివారు చెప్పుకొను సామెత యెంత నిజమో తొలి వారముననే తడిసి తెలిసికొంటిమి.

మధ్యాహ్నభోజనము చూడముచ్చటగ నుండును. 1954లో చేసిన చట్టము ననుసరించి బడిలోనే వండిన దానినో, వంటశాలనుండి తెచ్చిన దానినో పిల్లలకు పెట్టుదురు. తెల్లని అంగీలు, టోపీలు ధరించి పిల్లలే వంతులవారీగ వడ్డింతురు. గురువును వారితో నా గదిలోనే భుజించును. అందరును చేతులు జోడించి "ఇతదకిమసు" అని పలికినగాని యెవరును ముద్ద ముట్టరు. మాలో నొకరు శాకాహారిణి. మాంసము కానరాని కూరలో గూడ ఎండుచేపతో కాచిన 'దాషి' యను రసము కలియునని తెలిసిన నాటినుండి, పెద్దగురువుగారి అనుమతితో ఇంటినుండి పెరుగన్నమో, నిమ్మకాయ పులిహోరయో తీసికొనిపోయెడివారము. పసుపుపచ్చని యన్నమును జూచి పిల్లలు మూగి, ఆ రంగు పూవుదా, గ్రుడ్డుదా యని యడిగెడివారు. భోజనానంతరము చీపుళ్ళు, తడిగుడ్డలు పట్టి పిల్లలే గదులు, నడవలు శుభ్రము చేయుదురు. మేమును వారితో మోకాళ్ళపై కూర్చుండి నేల తుడిచితిమి. చదివికొనునాడు మేమెన్నడును బడిలో చీపురు పట్టి యెరుగము.

ఇక అసలు సంగతి. తొలియేట మే మాసమున మాలో నొకరి తరగతిలో జరిగినది. ఎవరి తరగతియో చెప్పము. తప్పు నిద్దరము పంచుకొంటిమి. ఐదవ తరగతి బాలిక యొకతె బల్లను జూపి "డెసుకు" అనెను. మేము చిరునవ్వుతో "డెసుకు గాదు, డెస్క్" అని మూడు మారులు పలికి చూపితిమి. ఆ చిరునవ్వును జూచి తరగతి యంతయు నవ్వినది. పిల్ల నోటిపై చేయి యుంచుకొని కూర్చుండెను. తరువాత నారు వారములు ఆ నోట ఆంగ్లపు మాట వెలువడలేదు. జపాను గురువు మమ్ము తప్పుపట్టలేదు. ఒకనాడు మాత్రము కిటికీవైపు చూచుచు, ఆ పిల్ల యింటివద్ద ఆంగ్ల పుస్తకము తీయుట లేదట యని మెల్లగ ననెను. ఆ దేశమున మందలింపు అంతకంటె గట్టిగ వినబడదని మాకప్పటికే తెలియును. ఆ రాత్రి అన్నము సహించలేదు.

ఆ ఆదివారము రాజమహేంద్రవరమునుండి అమ్మ ఫోనులో మాటలాడుచు "మీ నాన్నగారు కళ్ళజోడు డెస్కుమీద మరచిపోయి బస్సెక్కేశారే!" యనినది. మేమిద్దరము నొకరి మొగము నొకరు చూచుకొంటిమి. డెస్కు, బస్సు, గ్లాసు, కప్పు! హల్లుతో ముగియు మాట మన నోట నిలువదు. చివర నచ్చు చేరినగాని అది తెలుగుమాట గాదు. జపానువారి నోటను నంతే. వారికిని అది 'బసు' వే. అమ్మ 'బస్సు' అనినప్పుడు మన యింట నెవరు నవ్విరి? ఎవరును నవ్వలేదు గనుకనే ఆ మాట మన భాషలో చేరి మనదైనది. ఆ పిల్ల చేసినదియు నదియే గదా! దానిని తప్పని నవ్విన మేమెంతవారము?

అటుపై ఆ భాషను శ్రద్ధతో చూడ నారంభించితిమి. వారి యక్షరముల వరుస అ, ఇ, ఉ, ఎ, ఒ. పిమ్మట క, స, త, న, హ, మ, య, ర, వ. సంస్కృత వర్ణక్రమము నెరిగిన బౌద్ధభిక్షువుల విద్య దీనికి మూలమని పండితులు చెప్పుదురు. వాక్యమున క్రియ మనకు వలెనే తుదను వచ్చును. "నేను నీళ్ళు త్రాగుదును" అను వరుసలోనే వారును చెప్పుదురు. మన పిల్లలకు ఆంగ్లవాక్యము తలక్రిందులుగ దోచినట్లే వారికిని దోచును. ఇంత చుట్టరికముండగా, మేమేదో యింగ్లండునుండి దిగినవారివలె నిలిచి పాఠము చెప్పుచుంటిమి!

కాని యొకమారు మూసికొన్న నోరు బుజ్జగింపులకు తెరచుకొనునా? మేమే విద్యార్థులము కావలెనని తోచినది. జపాను భాషలో వస్తువు రూపమునుబట్టి లెక్కించు మాట మారును. కాగితమువంటి పలుచని వానికొకటి, పెన్సిలువంటి పొడుగువానికొకటి, పిల్లివంటి చిన్న జంతువులకొకటి. మరునాడు తరగతిలో మూడు పెన్సిళ్ళు చేతబట్టి వారి భాషలో "ఇచిహొన్, నిహొన్, సన్‌హొన్" అని లెక్కించితిమి. పిల్లలు పకపక నవ్విరి. మేమును నవ్వి మరల నట్లే పలికితిమి. ఆ సందడిలో వెనుక వరుసనుండి "ఇప్పొన్, నిహొన్, సంబొన్" అని సన్నని గొంతు దిద్దినది. అది ఆ పిల్లదే! మేము తలవంచి వందనము చేసి, ఆమె పలికినట్లు పలుకుటకు యత్నించి, మరల తప్పి, మూడవమారున కుదుర్చుకొంటిమి. పిమ్మట నాంగ్లములో నేమందురని యడుగగా "పెన్సిరు" అనెను. ఎవరును నవ్వలేదు. మేమును దిద్దలేదు. పాఠము చివర నందరితో గలిపి మామూలుగ నొకమారు పలికించితిమి, అంతే.

మత్సుఎలో కోట కందకము ప్రక్కను ఒక పాత యిల్లు కలదు. 1890లో ఆ పట్టణమునకు ఆంగ్లోపాధ్యాయుడుగా వచ్చిన లఫ్కాడియో హెర్న్ అను రచయిత నివసించిన యిల్లది. ఆయన సెత్సు అను స్థానిక వనితను పెండ్లాడి, 1896లో కొయిజుమి యాకుమొ యను పేరుతో జపాను పౌరుడయ్యెను. ఆయనకు జపాను భాష చక్కగ రాదు, ఆమెకు ఆంగ్లము రాదు. ఆ దంపతులు తమలో తాము మాటలాడుకొన్న వచ్చీరాని జపాను భాషకు 'హెర్న్‌గారి మాట' యని పేరు. సెత్సు ఆ మాటలతోనే పాతకథలు చెప్పగా ఆయన ఆంగ్లమున వ్రాసెను. 1904లో వెలువడిన 'క్వైదాన్' అను ప్రసిద్ధ గ్రంథమందలి కథలు పెక్కు లట్లు పుట్టినవే. వ్యాకరణము కుదిరిన పిమ్మటనే నోరు విప్పుదమని సెత్సు ఊరకుండినచో ఆ కథలు మనదాక వచ్చి యుండునా?

మా పిల్ల తరగతిలో మొదటిది కాలేదు. ఆమె నోట డెసుకు చాలనాళ్ళు డెసుకుగనే నుండెను. అయినను చేయి యెత్తుట మానలేదు. 2025 మార్చిలో ఆ తరగతివారు ఆరవ తరగతి ముగించి వెడలిపోవునాడే మాకును ఆ బడితో ఋణము తీరినది. చెప్పుల అరలవద్ద ఆ పిల్ల వచ్చి మూడు పెన్సిళ్ళు మా చేతబెట్టి, మీ భాషలో వీనినెట్లు లెక్కింతురని యడిగెను. "మూడు పెన్సిళ్ళు" అని చెప్పితిమి. "ముదు పెన్సిరు" అనెను. చక్కగ నున్నదంటిమి.

సోదరీమణులారా! మన యిండ్లలో బడినుండి వచ్చిన పిల్ల యొక యాంగ్లపు మాట వంకరగ పలికినప్పుడు నవ్వు పెద్దలు లేకపోలేదు. కోడలు బ్యాంకులో రెండు మాటలకు తడబడినచో నవ్వు ఆడుబిడ్డలును గలరు. మేమును ఆ నవ్వు నవ్వినవారమే గనుక చెప్పుచున్నాము. ఆ నవ్వు నిమిషమున ముగియును గాని, దానివలన మూతబడిన నోరు తెరచుకొనుటకు మాకారు వారములు పట్టినది. ఆ మూడు పెన్సిళ్ళును ఒకటి రాజమహేంద్రవరమునను, ఒకటి గుంటూరునను ఉన్నవి. మూడవదానితో నీ వ్యాసము వ్రాసితిమి.