మక్తల్‌లో ఉండి రాసి బతకొచ్చా?

డిగ్రీ అయిపోయిన పిల్లలు ఈ మధ్య ఎక్కడ కలిసినా ఒకటే ముచ్చట: "సార్, ఉద్యోగం చేయకుండా రాతల మీదనే బతకొచ్చా? అదీ మక్తల్‌లోనే ఉండి?" బతకొచ్చని నేను గట్టిగా నమ్ముతున్నాను. కాకపోతే హైదరాబాద్‌లో ఉండేవాళ్ల దారి మనకు పనికిరాదు. మన దారి మన ఊరి పక్క నుంచే పోతుంది, అదే మీకు చెప్పాలని.

మన పాలమూరులో రాసేవాళ్లకు ఎన్నడూ కరువు లేదు. సురవరం ప్రతాపరెడ్డి గారినే తీసుకోండి. గద్వాల సంస్థానంలోని ఇటిక్యాలపాడు ఆయన ఊరు. 1926 మే 10న గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఎవరో అంటే, 1934లో 354 మంది కవులతో సంచిక వేసి చూపించారు. ఆయన చదివింది న్యాయశాస్త్రం, చేసింది వకీలు పని. 1949లో వచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది, తెలుగులో అదే మొదటిది. అప్పటికి ఆయన పోయి రెండేళ్లు. గౌరవం ఆలస్యమైనా గౌరవమే. ఇంట్లో బియ్యం మాత్రం నెల తిరిగేసరికి కావాలి కదా.

కలం మీదనే బతికినవాళ్లు మనకు లేకపోలేదు. ఆరుద్ర గారు మద్రాసులో సినిమా పాటలు రాస్తూనే 1960లలో సమగ్రాంధ్ర సాహిత్యం పన్నెండు సంపుటాలు తెచ్చారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. త్వరగా డబ్బు తెచ్చే రాత ఒకటి, ఏళ్ల తరబడి నిలిచే రాత ఇంకొకటి, రెండూ ఒకే బల్ల మీద. మా జొన్న చేలో కంది సాళ్లు వేసినట్టే ఇది: జొన్న ముందు ఇంటికొస్తుంది, కంది తర్వాత వస్తుంది, ఒకటి దెబ్బతిన్నా రైతు నిలబడతాడు.

మరి మన ఊళ్లో రాసేవాళ్లకు దొరికే పనేమిటి? ఎక్కువ మందికి తెలిసింది పత్రిక విలేకరి పని. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక మండలానికో మనిషి కావలసి వచ్చాడు. మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి. చాలామందికి నెల జీతం ఉండదు, లైన్ అకౌంట్ మీదనే లెక్క. అచ్చయినంత వరకే పైసలు, డెస్కులో కత్తిరిస్తే అంతే సంగతులు. ఎండలో వానలో తిరిగే ఆ మనుషులంటే నాకు చాలా గౌరవం. వార్త సూటిగా రాయడం, గడువుకు ఇవ్వడం అక్కడ వంటబట్టినట్టు ఇంకెక్కడా పట్టదు. కానీ నిన్నటి వార్తను ఇవాళ మళ్లీ ఎవరూ కొనరు. ఏళ్ల తరబడి రాసినా చేతిలో ఆస్తి మిగలదు. ఆదివారం అనుబంధానికి కథ పంపితే అచ్చయ్యే దాకా ఎదురుచూపులు. పెళ్లి కార్డుల మాటర్, సన్మాన పత్రాలు, రిటైర్మెంటు సంచికలు ఉంటాయి, వాటినీ చులకన చేయొద్దు. నెలలో నాలుగు రోజులు అవి చేస్తే కరెంటు బిల్లు కట్టుకోవచ్చు.

ఇక అసలు సంగతికి వస్తా. కృష్ణమ్మ తెలంగాణలో అడుగుపెట్టేది మన పక్కనున్న తంగిడి దగ్గర, భీమా నది కలిసేదీ ఆ దరిదాపుల్లోనే. దేవసూగూరు వంతెన దాటితే రాయచూరు జిల్లా. 1956 దాకా గద్వాల, అలంపురం రాయచూరు జిల్లాలోనే ఉండేవి. ఇవాళ్టికీ మన వాళ్లకు సంబంధాలు అటే, సరుకుల బేరాలు అటే. కన్నడ ఇంట్లో వినబడుతుంది, ఉర్దూ బజార్లో వినబడుతుంది. నారాయణపేట దిక్కుపోతే మరాఠీ ఇళ్లూ తగులుతాయి. మన పిల్లలు దీన్ని ఒక విద్య అనే అనుకోరు. ఏ సంస్థలోనో ఫీజు కట్టి కన్నడ నేర్చుకునేవాడికి చేతగాని చెవి వాళ్లకు ఊరికే వచ్చింది. కన్నడ రాతను తెలుగులోకి తేవడానికి ఇంతకంటే తగిన చోటు ఎక్కడుందో చెప్పండి!

ఇది గాల్లో మాట కాదు. 2025 మే 20న బాను ముష్తాక్ రాసిన హార్ట్ ల్యాంప్‌కు ఇంటర్నేషనల్ బుకర్ వచ్చింది. అందులో పన్నెండు కన్నడ కథలు, వాటిని ఇంగ్లీషులోకి తెచ్చింది దీపా భాస్తి. బహుమతి 50,000 పౌండ్లు. అందులో సగం రచయిత్రికి, సగం అనువాదకురాలికి, చెరిసమానంగా. ఆ వార్త చదివిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అనువాదం చేసినవాళ్ల పేరు లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో వేసే రోజులు చూసినవాణ్ణి మరి.

అందరికీ బుకర్లు రావు, నెల గడవాలి. లెక్క వేద్దాం. మాటకు రూపాయి చొప్పున 60,000 మాటల నవల ఒప్పుకున్నారనుకోండి. రోజుకు వెయ్యి మాటలైతే తొలి ప్రతికి అరవై పని రోజులు. దిద్దుకోవడానికి, రచయితను అడిగి సందేహాలు తీర్చుకోవడానికి, ప్రూఫులకు ఇంకో నెలన్నర. ఆదివారాలు, పండగలు, జ్వరాలు కలుపుకుంటే నాలుగు నెలలు. అంటే నెలకు 15,000. మక్తల్‌లో అద్దె తక్కువే గాని, ఆ డబ్బుతో సంసారం ఈదడం కష్టం. అందుకే ఒక పుస్తకం సాగుతుండగానే చిన్న పనులు రెండు మూడు చేతిలో ఉండాలి: ఓ పత్రిక శీర్షిక, కంపెనీల కరపత్రాల అనువాదం, వీడియోలకు స్క్రిప్టు, ఏదైనా సరే. ఇంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. ఆ నవల అనువాదం రేపు ఆడియోగా వచ్చినా, పాఠ్యపుస్తకంలో పది పేజీలు తీసుకున్నా మీకు మళ్లీ డబ్బు రావాలి. రావాలంటే హక్కు మీ దగ్గర ఉండాలి.

ప్రచురణకర్త ఒప్పంద పత్రం చేతికిచ్చినప్పుడు మన పిల్లలు చివరి పేజీ తిప్పి సంతకం పెట్టేస్తారు. నా మాట విని మధ్య పేజీ చదవండి. "సర్వహక్కులూ, శాశ్వతంగా, ప్రపంచమంతటా, అన్ని మాధ్యమాలలో" అని ఒక వాక్యం ఉంటుంది. అక్కడ ఆగండి. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. మీరు ఎవరి దగ్గరా జీతానికి లేకపోతే మీ రాతకు మొదటి యజమాని మీరే. హక్కు వేరేవాళ్లకు పోవాలంటే రాతపూర్వకంగా మీ సంతకంతోనే పోవాలి. ఎన్నాళ్లకని రాయకపోతే ఐదేళ్లకే, ఎక్కడికని రాయకపోతే భారతదేశానికే ఇచ్చినట్టు. అంటే మౌనంగా ఉన్న కాగితం మీ పక్షాన ఉంటుంది. ఆ ఒక్క వాక్యం దాన్ని అటు తిప్పేస్తుంది. పెన్ను తీసి "శాశ్వతంగా" కొట్టేసి "ఐదేళ్లు" అని రాయండి. "అన్ని మాధ్యమాలు" కొట్టేసి "అచ్చు పుస్తకం" అని రాయండి. ఆడియోకు వేరే మాట్లాడుకుందాం అనండి. మర్యాదగా అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్ల ధోరణి అక్కడే తెలిసిపోతుంది, అదీ మంచిదే.

డబ్బు ఆలస్యం సంగతి కూడా చెప్పాలి. అనువాద సేవల కింద ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు, చేసుకోండి. ఆన్‌లైన్‌లో పైసా ఖర్చు లేదు, పని మొదలు కాకముందే చేసుకోవాలి. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం పని చేయించుకున్నవాళ్లు అది ముట్టినాక డబ్బివ్వడం 45 రోజులు దాటించకూడదు. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున చక్రవడ్డీ కట్టాలి. ఒక నోటుబుక్కులో గళ్లు గీసుకోండి: ఎవరికి, ఎన్ని మాటలు, ఎంతకు, బిల్లు ఎప్పుడు పంపాను, డబ్బు ఎప్పుడు వచ్చింది, టీడీఎస్ ఎంత పట్టుకున్నారు. ఫీజులో పదో వంతు పట్టుకున్నారని దిగులు పడొద్దు. మీ ఆదాయం పన్ను గీటు కింద ఉంటే, రిటర్న్ వేస్తే అది తిరిగొస్తుంది. వేయకపోతే పోయినట్టే.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటారా? అనుమతి అక్కర్లేని పుస్తకంతో చేయి తిప్పుకోండి. రచయిత చనిపోయిన ఏడాది తర్వాత అరవై ఏళ్లు గడిస్తే రచన అందరిదీ అవుతుంది. కన్నడ నవలాకారుడు గళగనాథ 1942లో పోయారు. విజయనగర స్థాపన మీద ఆయన రాసిన మాధవ కరుణా విలాస ఎవరైనా తెలుగు చేసుకోవచ్చు. మన రాయచూరు కోట కోసం కృష్ణదేవరాయలు 1520లో యుద్ధం చేసిన నేల ఇది, చదివేవాళ్లు దొరకకపోరు. ఒక అధ్యాయం చేసి, కన్నడ బాగా తెలిసిన పెద్దల ముందు గట్టిగా చదివి వినిపించండి. వాళ్లు ఎక్కడ ఆగి ముఖం చిట్లిస్తారో అక్కడ గుర్తు పెట్టుకోండి. తర్వాత ఇప్పుడు రాస్తున్న కన్నడ రచయిత ఒకరిని ఎంచుకుని, ఒక కథ చేసి, ఆ ప్రతితో పాటు ఉత్తరం రాయండి. తెలుగు హక్కులు ఎవరి దగ్గర ఉన్నాయో అడగండి. అనుమతి కాగితం మీద వచ్చేదాకా రెండో కథ ముట్టుకోకండి.